ముందు సీటు

మా వ్యానులో ముందు సీటుకు ఉన్న మర్యాద మా ఊరి సర్పంచి కుర్చీకి కూడా ఉండేది కాదు. నందికొట్కూరు పక్కనున్న మా పల్లె నుంచి ఆత్మకూరు వైపు పత్తి చేలకు రోజూ పన్నెండు మంది ఆడవాళ్ళం ఆ వ్యానులో పోయేవాళ్ళం. వెనక సీట్లు పీకేసి రెండు బల్లలు వేసి ఉంటే, మోకాళ్ళకు మోకాళ్ళు తగిలించుకుని పదకొండు మందిమి వాటి మీద ఇరుక్కునేవాళ్ళం. డ్రైవరు పక్క సీటు మాత్రం మా కూలీల మేస్త్రీ రామలక్ష్మమ్మది. ఆమె ఆ సీటు ఎవరికీ ఇవ్వదు. డ్రైవరు పెళ్ళానికి కూడా ఇవ్వదు. ఆ పెళ్ళాన్ని నేనే.

వ్యాను నా మొగుడు ఏసుబాబుది. ఇరవై ఏళ్ళు దాటిన బండి, ఆయన దగ్గరికి వచ్చేటప్పటికే మూడు చేతులు మారింది. దాని ఇంజను ముందు సీట్ల కిందే ఉంటుంది. ఆ ఏడు దీపావళి ముందు నుంచి, పొద్దున్నే స్టార్ట్ చేయగానే సీటు కింద టక్ టక్ మని చప్పుడు మొదలైంది. నాలుగు మైళ్ళు పోయి ఇంజను బాగా వేడెక్కితే అదే తగ్గిపోయేది. ముసలోళ్ళకు పొద్దున్నే దగ్గు రాదా, దీనికీ అంతే అన్నాడు ఏసుబాబు. అందరం నవ్వాం. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ నా మీద నాకే ఒళ్ళు మండుతుంది.

నాకు పెళ్ళై ఆరేళ్ళు, పిల్లలు లేరు. నెల ఎప్పుడూ సరిగా రాదు. ఒక్కోసారి రెండు నెలలకు, ఒక్కోసారి మూడు నెలలకు. మొదట్లో ఆలస్యమైన ప్రతిసారీ మందుల షాపులో పట్టీ తెచ్చుకుని పరీక్ష చేసుకునేదాన్ని. ప్రతిసారీ ఒకే గీత వచ్చేది. రెండో గీత కోసం ఆ పట్టీని ఎండలో పెట్టి, నీడలో పెట్టి, అటు తిప్పి ఇటు తిప్పి చూసిన రోజులున్నాయి. మూడేళ్ళు చూసి, ఇక చూడకూడదని ఒట్టు పెట్టుకున్నాను.

నవంబరు చివర్లో చలి ముదిరింది. పొద్దున ఆరింటికి రోడ్డు కనపడనంత మంచు. అద్దాలన్నీ ఎక్కించుకుని, తలకు గుడ్డలు చుట్టుకుని కూర్చునేవాళ్ళం. ఒక్క ఏసుబాబు మాత్రం తన వైపు అద్దం దించి, మోచేయి బయట పెట్టుకుని నడుపుతాడు. అది ఆయన సోకు. ఒక పొద్దున ఇంజను వాసన కడుపులో తిప్పింది. బండి ఆపమని అరిచి, దిగి, రోడ్డు పక్కన కంపచెట్ల దగ్గర వాంతి చేసుకున్నాను. ఇటు తిరిగేసరికి పదకొండు మందీ దిగి నన్నే చూస్తున్నారు. వాళ్ళ ముఖాల్లో జాలి లేదు, పండగ ఉంది.

"ఎన్నాళ్ళైందిమే నీకు తలస్నానం?" అని రామలక్ష్మమ్మ మెల్లగా అడిగింది.

రెండు నెలలు దాటింది అన్నాను. ఆమె గబగబా వ్యాను దగ్గరికి పోయింది. ముందు తలుపు తీసి, సీటు మీద తన దుప్పటి మడిచి వేసి, నన్ను కూర్చోబెట్టి, తాను పోయి వెనక బల్ల మీద కూర్చుంది. పదేళ్ళుగా ఎవరికీ ఇవ్వని సీటు. నాకు ఏడుపొచ్చింది.

ఆ సాయంత్రానికే ఇంట్లో మా అత్త రాహేలమ్మకు కబురు అందింది. మూడో నెల నిండేదాకా నోరెత్తకూడదు, ఆసుపత్రికి పోకూడదు, దిష్టి తగులుతుంది అని ఆమె చెప్పింది. నేను సరే అన్నాను. నిజం చెప్పాలంటే ఆసుపత్రికి నేనే పోదల్చుకోలేదు. ఇంకో ఒంటిగీత చూసే ధైర్యం నాకు లేదు. కూలి మానుకోమని అత్త ఒకసారి అంది, ఆ కూలి లేకుండా ఇల్లు గడవదని ఆమెకే తెలుసు కాబట్టి రెండోసారి అనలేదు. దాని బదులు నాకు ఉన్ని స్కార్ఫు కొనిచ్చింది. అద్దం వేలెడు కూడా దించొద్దని, చలిగాలి తగలకూడదని కొడుకుకు గట్టిగా చెప్పింది. వ్యానులో వాసన వస్తోంది అని నేనంటే, కడుపుతో ఉన్నోళ్ళకు వాసనలు పడవు అని అందరూ ఒకటే మాట. ఏ వాసనా పడకపోవడం కాదు, ఆ ఒక్క వాసనే పడడం లేదు అని చెప్పినా వినేవాళ్ళు లేరు.

రోజూ పొద్దున తల దిమ్ము, వికారం, చెవుల్లో హోరు. చేలో దిగి గంటసేపు గాలి పీల్చుకుంటే తేరుకునేదాన్ని. సాయంత్రం ఎండ ఉంటుంది కాబట్టి అద్దాలు దించుకుని వచ్చేవాళ్ళం, అప్పుడు ఏమీ ఉండేది కాదు. పొద్దున పూటే వేవిళ్ళు రావడం మామూలే కదా అని సంబరపడ్డారు. నేనూ పడ్డాను. రామలక్ష్మమ్మ ఒకరోజు పత్తి తీస్తూ, నీకు సీటిచ్చినప్పటి నుంచి నా తలకాయ నొప్పి పోయిండాది పాపా, కడుపుతో ఉన్నదానికి జాగా ఇస్తే అంత పుణ్యం అంది. ఆ మాట ఎంత పెద్ద మాటో ఆమెకూ తెలియదు, నాకూ తెలియదు.

అత్త మూడో నెల దాకా ఆగలేకపోయింది. మా గుడిలో ఆరాధన అయ్యాక సాక్ష్యాలు ఉంటాయి. ప్రభువు ఎవరికి ఏ మేలు చేస్తే వాళ్ళు లేచి అందరి ముందు చెప్పుకుంటారు. డిసెంబరు రెండో ఆదివారం మా అత్త లేచింది. నా కోసం ఆరేళ్ళుగా శుక్రవారం శుక్రవారం ఉపవాసం ఉన్న మనిషి ఆమె, ఆ మాట నేను కాదనను. మా ఇంటి నింద తీరింది, పిల్లవాడికి సమూయేలు అని పేరు అనుకున్నాం అని చెప్పింది. గుడంతా స్తోత్రం అంది. నేను తల వంచుకుని చాప అంచు పీకుతూ కూర్చున్నాను. సంతోషంతో గుండె నిండిపోయింది, అదే గుండెలో ఒక మూల చెడ్డ భయం. ఒకసారి గుడిలో చెప్పిన సాక్ష్యాన్ని వెనక్కి తీసుకున్నవాళ్ళు మా సంఘంలో లేరు.

ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అని సామెత. మా ఇంట్లో ఆలు ఉంది, చూలు లేదు, కొడుకు పేరు సమూయేలు.

క్రిస్మస్‌కు నాలుగు రోజులు పని లేదు, వ్యాను కదలలేదు. నాలుగు రోజులూ నాకు వాంతి రాలేదు. ఆకలి వేసింది, నిద్ర పట్టింది. లోకంలో ఎవరైనా ఒంట్లో బాగున్నందుకు భయపడతారా? నేను భయపడ్డాను. ఐదో రోజు పొద్దున మళ్ళీ వ్యానెక్కి, దారిలో మళ్ళీ వాంతి చేసుకుంటే, సాయంత్రం ఆ సంగతి విని మా అత్త మోకరించి దేవునికి కృతజ్ఞతలు చెప్పుకుంది. వాంతికి కృతజ్ఞతలు.

జనవరి మొదటి వారంలో, మంచు బాగా పట్టిన ఒక పొద్దున చేని గట్టు దగ్గర మమ్మల్ని దించి వ్యాను తిరిగి పోగానే నేను పడిపోయాను. కళ్ళు తెరిచేసరికి ఆత్మకూరులో ఆసుపత్రి మంచం మీద ఉన్నాను, రామలక్ష్మమ్మ నా కాళ్ళు రుద్దుతోంది. శివకుమారి అని ఒక నర్సు, నెమ్మదస్తురాలు. రక్తం తీసింది, పట్టీ పెట్టింది. పట్టీని నా చేతికే ఇచ్చింది. ఒకటే గీత.

ఆ తర్వాత ఆమె వరసగా అడిగింది. వాంతులు పొద్దుననేనా? ఆదివారం అవుతాయా? ఇంట్లో పొగ పొయ్యి ఉందా? పనికి ఎట్లా పోతారు? అద్దాలు ఎక్కిస్తారా? నేను జవాబులు చెబుతుంటే పక్కన రామలక్ష్మమ్మ చేయి ఆగిపోయింది. ముందు సీట్లో కూర్చున్నన్నాళ్ళూ తనకు తల పగిలిపోయేదనీ, వెనక్కి పోయినాక పోయిందనీ ఆమె చెప్పింది. నర్సు ఇద్దరినీ చూసి, కడుపు కాదమ్మా, బండి పొగ, ముందు ఆ బండి ఎక్కడం మానేయండి అంది.

తిరిగి ఇద్దరం ఆటోలో వస్తున్నాం. సగం దారిలో రామలక్ష్మమ్మ అంది: "మర్యాద అనుకోని నిన్ను పొయ్యి మీద కూర్చోబెడితి గదమ్మే."

నేను ఇంటికి పోలేదు. నందికొట్కూరులో మాబువలి షెడ్డు దగ్గర దిగాను. మా వ్యానును మొదటి నుంచి చూసే మెకానిక్కు ఆయనే. నేను అడగడమే తడవు, గుడ్డతో చేతులు తుడుచుకుంటూ లేచి వచ్చాడు.

"దీపావళికి ముందే చెప్పినా కదమ్మా. మ్యానిఫోల్డ్ పగిలిండాది, పొగ లోపలికి కొడతాది, ఆడోళ్ళను ఎక్కిచ్చుకోని తిప్పొద్దప్పా అని. సీజన్ అయినాక మారుద్దాంలే అని, ఏదో మందు పూసి తీగ చుట్టిచ్చుకోని పాయ." చెప్పాలా వద్దా అన్నట్టు నా ముఖం చూశాడు. "మీ అత్త గుడిలో చెప్పింది చూడు, దాని మర్నాడు మళ్ళీ వచ్చినాడు. ఈ పొగకు వాంతులు అయితాయా అని అడిగినాడు. వాంతులేంది, మనిషే పోతాడప్పా అంటి."

దాని మర్నాడు. అంటే ఇరవై రెండు రోజులు. అందులో బండి కదిలిన ప్రతి రోజూ ఆ మనిషి పొద్దున్నే తలుపు తీసి, నన్ను చేయి పట్టి ఎక్కించి, నా వైపు అద్దం ఎక్కించి, తన వైపు అద్దం దించుకుని నడిపాడు.

ఇంటికి పోయేసరికి ఏసుబాబు వాకిట్లో వ్యాను కడుగుతున్నాడు. పడిపోయానని అప్పటికే తెలిసి, ముఖం పాలిపోయి ఉంది. నేను గొంతు పెంచలేదు. మాబువలిని ఎప్పుడు అడిగావు అని మాత్రం అడిగాను. చేతిలో చెంబు కింద పెట్టాడు.

"అమ్మ అంత సంతోషంగా ఉండె. నువ్వు గూడా నవ్వుతాంటివి. ఎట్ల చెప్పేది?" అన్నాడు. నేను కదలకుండా నిలబడేసరికి ఇంకా మెల్లగా అన్నాడు: "రొండూ నిజం కావచ్చు గదా అనుకుంటి. పొగా ఉండొచ్చు, కడుపూ ఉండొచ్చు."

"రొండూ నిజమైతే," అన్నాను, "నీ బిడ్డకు గూడా అదే పొగ పెడతాంటివి గదా."

ఆయనకు ఆ లెక్క అప్పటిదాకా తట్టలేదు. తట్టలేదని ముఖంలో కనిపించింది. తట్టనందుకే నాకు మరింత కోపం వచ్చింది. చెడ్డవాడైతే తిట్టి వదిలేయొచ్చు, ఇట్లాంటి మెతక మనిషిని ఏం చేయాలి? తాళం చెవి తీసుకుని కొంగుకు ముడేసుకున్నాను.

మర్నాడు పన్నెండు మందిలో ఒక్కరూ వ్యానెక్కలేదు. మ్యానిఫోల్డ్ మార్చేదాకా ఎక్కేది లేదని రామలక్ష్మమ్మ ఏసుబాబుతో వాకిట్లోనే చెప్పేసింది. మాబువలి కర్నూలులో పాత సామాన్ల అంగళ్ళన్నీ తిరిగి, అదే రకం బండిది ఒకటి వెతికి తెచ్చాడు. పాతదాన్ని వెల్డింగ్ చేయకూడదా అని ఏసుబాబు అంటే, అది పోత ఇనుము, అతికిస్తే నెల తిరక్కుండా పక్కన మళ్ళీ పగులుతుంది అన్నాడు. నేను షెడ్డులో స్టూలు వేసుకుని, పని అయ్యేదాకా కదల్లేదు. ముందు సీట్లు ఎత్తాడు. ఇంజను మూత చుట్టూ ఉండాల్సిన రబ్బరు ఎప్పుడో పొడైపోయింది, వేలు దూరేంత సందు. బోల్టులు తుప్పు పట్టి మొరాయిస్తే వేడి చేసి, నూనె పోసి, బతిమాలి తిప్పాడు. ఒకటి లోపలే విరిగిపోయింది. దాన్ని డ్రిల్లు పెట్టి తీయడానికి మధ్యాహ్నం అయింది.

చివరికి ఆ ముక్క బయటికి వచ్చింది. ఇంజను పొగను సైలెన్సరులోకి పంపే ఇనుప గొట్టం, మూడు వేళ్ళున్న చేయిలా ఉంది. చుట్టిన తీగ విప్పి, పూసిన మందు గీకి చూస్తే నాకు ఎక్కడా పగులు కనపడలేదు. ఇంత గట్టిగా ఉందే అన్నాను. మాబువలి నవ్వకుండా దాని మీద కిరసనాయిలు పూసి, బాగా తుడిచి, సుద్ద ముక్కతో తెల్లగా రుద్దాడు. చూస్తా ఉండమ్మా అన్నాడు. చూస్తూ ఉన్నాను. కాసేపటికి పగుల్లో దూరిన కిరసనాయిలు ఊరి, తెల్లటి సుద్ద మీద తడిగా, సన్నగా ఒక గీత మెల్లగా పైకి తేలింది.

ఆరేళ్ళు ఏ పట్టీ మీదా రాని రెండో గీత అక్కడ వచ్చింది. స్టూలు మీద కూర్చుని, ఆ షెడ్డులో అంత మంది మగవాళ్ళ మధ్య, వెక్కి వెక్కి ఏడ్చాను. మాబువలి పనిచేసేవాళ్ళందరినీ టీ తాగేకి పంపించాడు.

కొత్తగా బిగించిన దానితో వ్యాను చప్పుడు లేకుండా స్టార్ట్ అయింది. పాత ముక్కను పాత సామాన్ల వాడికి వేయబోతే, నాకివ్వమని అడిగి, గోనెసంచిలో చుట్టి ఇంటికి తెచ్చుకున్నాను. ఎందుకో అప్పుడు నాకే తెలియదు.

నాలుగు రోజుల్లో తెలిసింది. మా అత్త ఇల్లిల్లూ తిరిగి, పోయింది అని చెప్పడం మొదలుపెట్టింది. కడుపు నిలిచింది కానీ, చెప్తే వినకుండా పత్తి మూటలు ఎత్తి పోగొట్టుకుంది అని. నర్సు చెప్పింది ఆమెకు నేను పూసగుచ్చినట్టు చెప్పాను. విన్నది, తల ఊపింది, మళ్ళీ పోయి ఆ మాటే చెప్పింది. గుడిలో ఇచ్చిన సాక్ష్యం అబద్ధం కాకూడదు కదా. అబద్ధం కాకుండా ఉండాలంటే బిడ్డ ఉండి తీరాలి. ఉన్న బిడ్డ ఇప్పుడు లేకపోతే దాన్ని ఎవరో చంపి ఉండాలి. లేని బిడ్డను చంపిన తల్లిని అయ్యాను నేను. బావి దగ్గర ఆడవాళ్ళు నన్ను చూసి, అయ్యో అని, ఆ తర్వాత కొంచెం జాగ్రత్తగా ఉండాల్సింది మే అనడం మొదలుపెట్టారు. ఏసుబాబు అదంతా విన్నాడు. ఇంట్లోనే కూర్చుని విన్నాడు. మళ్ళీ నోరెత్తలేదు.

జనవరి చివరి ఆదివారం మా గుడిలో కోత పండుగ. పండినదాంట్లో మొదటిది తెచ్చి దేవుని ముందు పెడతారు. ఆరాధన తర్వాత వాటిని అక్కడే వేలం వేస్తారు, పాడుకున్నవాళ్ళు ఇంటికి తీసుకుపోతారు. ఆ రోజు బల్ల మీద గుమ్మడికాయలు, శనగల సంచులు, కాళ్ళు కట్టిన కోళ్ళు, పత్తి మూటలు. వేలం పాడించేది ఏసుబాబు చిన్నాన్న ప్రేమయ్య, సంఘ పెద్ద. సాక్ష్యాల సమయంలో మా అత్త లేచి, మా ఇంటికి ఇచ్చిన దానిని మా అజాగ్రత్త వల్ల పోగొట్టుకున్నాం, ప్రార్థన చేయండి అంది. అజాగ్రత్త అన్నప్పుడు నా వైపు చూడలేదు. మిగతా అందరూ చూశారు.

నేను లేచాను. గోనెసంచి బరువుకు ఒక చేయి చాలక రెండు చేతులతో పట్టుకుని ముందుకు నడిచాను.

"అయ్యగారూ, నేను గూడా సాక్ష్యం చెప్పాల," అన్నాను.

పాస్టరు అయ్యగారు తల ఊపారు. సంచి విప్పి, ఆ ఇనుప ముక్కను గుమ్మడికాయల పక్కన పెట్టాను. కోళ్ళు బెదిరి అరిచాయి.

"నా కడుపులో ఏ బిడ్డా ల్యాకుండె. నేను దేన్నీ పోగొట్టుకోలా. ఇది మా వ్యానులోది, పగిలిపోయి పొగ వదులుతాండె. ఆ పొగ తాగి వాంతులు చేసుకుంటి. మా ఇంట్లో ఈ సారి పండింది ఇదే, తెచ్చి పెట్టినా. ప్రాణంతో ఉండా, అదే నా సాక్ష్యం."

ఎవరూ స్తోత్రం అనలేదు. నేను పోయి నా చాప మీద కూర్చున్నాను. 

వేలం మొదలైంది. గుమ్మడికాయలు పోయాయి, కోళ్ళు పోయాయి. బల్ల మీద చివరికి అదొక్కటే మిగిలింది. దేవుని ముందు పెట్టినదాన్ని పాడకుండా వదలకూడదు, అది మా గుడి ఆనవాయితీ. ప్రేమయ్య మామ దాన్ని చూసి, ఎవరి పాట అని అడిగాడు. ఎవరూ పలకలేదు. ఇంకోసారి అడిగాడు.

మగవాళ్ళ వైపు నుంచి ఏసుబాబు లేచి నిలబడ్డాడు.

"నాది," అన్నాడు. ఇంకో పాట లేదు. అందరూ చూస్తుండగా పోయి దాన్ని ఎత్తుకుని వచ్చాడు, తెల్ల చొక్కాకు మసి అంటింది. నా ముందు నిలబడ్డాడు. నేను చేయి చాపలేదు. చాపింది మా అత్త.

ఆమె దాన్ని ఒళ్ళో పెట్టుకుంది. పండగ చీర పాడవుతుందని కూడా చూసుకోలేదు. అటు తిప్పి ఇటు తిప్పి చాలాసేపు వెతికింది. మాబువలి రుద్దిన సుద్ద ఇంకా అక్కడక్కడా మిగిలి ఉంది. చివరికి ఆమె వేలు ఆ గీత మీద ఆగింది.

"ఇంత సన్నదా?" అంది.

"అవునత్తా. ఇంత సన్నదే."

ఆమె ఆ గీత మీద నుంచి వేలు తీయలేదు. ఆ మధ్యాహ్నం నుంచి ఇల్లిల్లూ తిరిగి, నా కోడలి తప్పేమీ లేదు అని చెప్పుకుంది. చెప్పిన ప్రతి ఇంటికీ పోయింది, ఒక్కటి కూడా వదల్లేదు. ఆమె మీద నాకు కోపం పోయింది.

ఏసుబాబు మీద పోలేదు. సోమవారం పొద్దున వ్యాను చప్పుడు చేయకుండా వాకిట్లోకి వచ్చి ఆగింది. ఆయన దిగి, ముందు తలుపు తీసి పట్టుకుని నిలబడ్డాడు. నేను వెనక్కి పోయి బల్ల మీద కూర్చున్నాను. రామలక్ష్మమ్మ కూడా ఆ సీటు వైపు ఒకసారి చూసి, వెనక్కి వచ్చి నా పక్కన ఇరుక్కుంది. పన్నెండు మందిమి ఊపిరాడకుండా వెనకే కూర్చున్నాం. ముందు సీటు ఆత్మకూరు దాకా ఖాళీగానే పోయింది.